ఆగకండి! స్లాగ్ సిమెంటుతో ఇల్లు కట్టేవారికి పది సలహాలు

నేను ఇంజినీరును కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకు నా మీద గురి కుదురుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వాఫీసులో పనిచేసి, ఏ ఫైలునూ ఏనాడూ తొందరపెట్టకుండా రిటైరయ్యాను. వచ్చిన డబ్బుతో గాజువాక దగ్గర ఇల్లు కట్టాను. అది చూసి ముచ్చటపడ్డ మా బామ్మర్ది చేత ఇంకొకటి కట్టించాను. ఆ పైన మా ఇంటి మీద పై అంతస్తు వేశాను. ప్రస్తుతం మా పూజగది ముందు నేల పొంగి ఉంది. బామ్మర్ది నాతో మాట్లాడి రెండేళ్ళయింది. వాన మొదలైతే పై హాల్లో ఏ బకెట్టు ఎక్కడ పెట్టాలో మా ఆవిడకి కంఠతా వచ్చు. ఇంత అనుభవం ఒక్కడి దగ్గరే ఉండిపోవడం న్యాయం కాదని ఈ సలహాలు రాస్తున్నాను.

స్లాగ్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి వేసి కరిగిస్తే ఇనుము అడుక్కి దిగుతుంది, మలినాలన్నీ పైకి తేలతాయి. అనకాపల్లి బెల్లం పెనం మీద తెట్టు తేలినట్టే. ఆ తెట్టే స్లాగ్. మా విశాఖ ఉక్కులో ఈ కొలుములకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. టన్ను ఇనుము తీస్తే ఇంచుమించు 300 నుంచి 400 కిలోల స్లాగ్ వస్తుంది. నీళ్ళలో చల్లారిన స్లాగ్‌కి సున్నం తోడైతే రాయిలా గట్టిపడుతుందని జర్మనీలో ఎమిల్ లాంగెన్ 1862లోనే గమనించాడు. అప్పటినుంచి దాన్ని మెత్తగా రుబ్బి, సిమెంటులో కొంత భాగానికి బదులు వాడుతున్నారు. నూట అరవై ఏళ్ళు దాటినా మా కాలనీలో ఇది ఇంకా కొత్త సరుకే.

మా మేనల్లుడు సివిల్ ఇంజినీరు, ఒక రెడీమిక్స్ ప్లాంటులో పని. వాడి మాటలు కూడా మధ్యమధ్యలో ఇస్తాను. ఏం చెయ్యకూడదో మీకు తెలియాలి కదా.

1. స్లాగ్ అంటే స్లాగే

లారీవాణ్ణి "స్లాగేనా?" అని అడగండి. "స్లాగే బాబూ" అంటే దింపించుకోండి. అంతకు మించి ప్రశ్నలు వేస్తే బాడుగ పెరుగుతుంది.

మేనల్లుడికి మాత్రం ప్రశ్నలే ప్రాణం. కొలిమిలోంచి 1,500 డిగ్రీల వేడితో వచ్చే స్లాగ్ మీద జోరుగా నీళ్ళు కొట్టి క్షణాల్లో చల్లారిస్తే, అది ముతక ఇసుకలాంటి గాజు రవ్వ అవుతుందట. అదే స్లాగ్‌ని గుంటలోకి వదిలి తనంతట తాను చల్లారనిస్తే రాయవుతుందట. ఒకే కడుపున పుట్టినా మొదటిదే సిమెంటు పని చేస్తుంది, రెండోది కంకర పనికే. రుబ్బిన స్లాగ్‌లో గాజుతనం కనీసం 85 శాతం ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 16714 చెబుతుందట.

నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. వంటింట్లోంచి మా ఆవిడే అంది: "అంతేగా మరి. పాకం చన్నీళ్ళలో వేస్తే గాజుపెంకులా బిగుసుకుంటుంది. నిదానంగా ఆరనిస్తే పటికబెల్లం కడుతుంది. పాకం ఒకటే, ఆర్చడంలో ఉంది." వాడు "అత్తా, నాలుగేళ్ళ కాలేజీలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఇంట్లో అరిసెలు వండేవాళ్ళుంటే ఇలాంటి చర్చలు వాళ్ళకి వినబడకుండా పెట్టుకోండి.

ఇంకో రకం ఉంది. ఇనుమును ఉక్కుగా మార్చేచోట వచ్చే ఎల్‌డీ స్లాగ్. చవగ్గా దొరికిందని మా ఇంటి నేల మట్టం పెంచడానికి నాలుగు లారీలు పోయించాను. అందులో కలవని సున్నం మిగిలి ఉంటుందని, తడి తగిలితే పొంగుతుందని, యార్డులో ఎండకీ వానకీ నెలల తరబడి వదిలి ఆ పొంగు తీరిపోయాకే వాడాలని మేనల్లుడు అన్నాడు. అలా సిద్ధం చేసిన ఉక్కు స్లాగ్‌తోనే సూరత్ దగ్గర హజీరాలో 2022లో ఆరు వరుసల రోడ్డు వేశారట. ఇనుప ఊచలు వేసే కాంక్రీటులో మాత్రం ఈ స్లాగ్ కంకర ఒక్క శాతం కూడా పనికిరాదని ఐఎస్ 383 అంటుందట. వాళ్ళకి యార్డులున్నాయి, తీరికుంది. నాకు శంకుస్థాపన అయిపోయింది. రెండో వానాకాలానికి పూజగది ముందు టైల్సు నాలుగంగుళాలు లేచాయి. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి విచ్చుకోవడం చిన్నప్పుడు మనమందరం చూశాం. నేను రెండోసారి ఇంట్లోనే చూశాను. దేవుడికి దణ్ణం పెట్టుకోవాలంటే ఇప్పుడు చిన్న కొండెక్కాలి, పుణ్యం కూడా కలిసొస్తోంది.

2. ఎంత పాతదైతే అంత మంచిది

ఆయుర్వేదంలో మండూర భస్మం ఉంది. ఇనుప చిట్టెంతో, అంటే పాత స్లాగ్‌తోనే చేస్తారు. నూరేళ్ళు మట్టిలో ఉన్న చిట్టెం ఉత్తమం, ఎనభై ఏళ్ళది మధ్యమం, అరవై ఏళ్ళది అధమం అని వైద్యుల లెక్క. మందుకే అంత మంచిదైతే గోడకి ఇంకెంత మంచిది?

మా వియ్యంకుడిది నిజామాబాద్ జిల్లా. అక్కడి కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు దేశాలు దాటి కత్తులుగా మారిందంటారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ శివార్లలో పాతకాలపు కొలుముల చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆయన ఒక గోనెసంచి నిండా తెచ్చిచ్చాడు. పిండి మరలో ఆడించబోతే మరవాడు తరిమాడు కానీ, లేకపోతే బామ్మర్ది ఇంటి పునాదిలో చరిత్ర కూడా ఉండేది.

మేనల్లుడు ఆ నల్లటి గడ్డని చేత్తో తూచి చూశాడు. "మావయ్యా, ఇది బరువుంది చూడు, లోపల ఇంకా ఇనుమే ఉంది. ఆ కొలుముల్లో సున్నపురాయి వేసేవారు కాదు, కాబట్టి దీన్లో సున్నం పాలు లేదు. సున్నం లేని స్లాగ్ ఎంత రుబ్బినా రాతిపొడే" అన్నాడు. పెద్దల ఆస్తి విలువ ఈ తరానికి తెలియదు.

3. బస్తా మీద అంకె తప్ప ఇంకేమీ చదవకండి

53 అని ఉంటే 53 ఏళ్ళ గ్యారంటీ. ఇది మా మేస్త్రీ చెప్పాడు. అతనికి దుకాణం వాడు చెప్పాడు. ఇంతమంది చెప్పినది అబద్ధం కాదు.

స్లాగ్ సిమెంటు బస్తా మీద ఐఎస్ 455 అని ఉంటుంది. దానికి 28 రోజులకు ఉండాల్సిన కనీస బలం 33 అట. 53 గ్రేడు సాదా సిమెంటుకి 53. 53లోంచి 33 తీస్తే 20. లెక్కల్లో నేను ఎప్పుడూ ఫస్టే, కాబట్టి స్లాగ్ సిమెంటు 20 ఏళ్ళ ముందే పోతుందని తేల్చేశాను.

మేనల్లుడి గోల ఏమిటంటే, అవి ఏళ్ళు కావట. చదరపు మిల్లీమీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడి ఆగుతుందన్న లెక్కట. 33 అనేది తగ్గకూడని గీతే తప్ప దాటకూడని గీత కాదట. పైగా సాదా సిమెంటు మొదటి నెలలోనే చాలామటుకు ఎదిగిపోతుందని, స్లాగ్ ఉన్నది మొదట వెనకబడినా 28 రోజుల తరవాత కూడా మూడు నెలల దాకా ఎదుగుతూనే ఉంటుందని వాడి వాదన. నెమ్మదిగా ఎదిగేవాళ్ళని మనం ఇళ్ళల్లోనే సహించం, గోడల్లో ఎందుకు సహించాలి?

4. సగం మంచిదైతే ముప్పాతిక ఇంకా మంచిది

స్లాగ్ పొడి సిమెంటు కన్నా చవక. కాబట్టి ఎంత ఎక్కువ కలిపితే అంత లాభం. ఇది అర్థశాస్త్రం.

బామ్మర్ది ఇంటికి స్లాగ్ సిమెంటు బస్తాలే తెప్పించి, ప్రతి బస్తాలోనూ సగం తీసి, ఆ సగానికి బదులు విడిగా కొన్న స్లాగ్ పొడి పోయించాను. మిగిలిన సగాలతో ఇంకో ఇంటికి సరిపడా సిమెంటు ఆదా. మేనల్లుడు తల పట్టుకున్నాడు. స్లాగ్ సిమెంటులో కంపెనీ వాళ్ళే 25 నుంచి 70 శాతం దాకా స్లాగ్ కలుపుతారట. అందులో సగం ఉందనుకున్నా, నేను చేసిన పనికి అసలు సిమెంటు పావు వంతే మిగిలిందట.

"ఐతే ఏమైందిరా? స్లాగ్ కూడా గట్టిపడుతుందన్నావుగా?"

"దానంతట అది గట్టిపడాలంటే ఏళ్ళూపూళ్ళూ పడుతుంది మావయ్యా. సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు సున్నం విడుస్తుంది. ఆ సున్నమే స్లాగ్‌ని లేపుతుంది."

మా ఆవిడ మళ్ళీ కలగజేసుకుంది: "స్లాగ్ పాలు, సిమెంటు తోడు. చెంబెడు పాలకి రెండు చుక్కల మజ్జిగ వేస్తే తెల్లారేసరికి ఏం తోడుకుంటుంది? అదీ చలికాలంలో?"

ఆ ఇంట్లో స్తంభాల పెట్టెలు మర్నాడు పొద్దున్నే ఊడదీయించాను. నాలుగు స్తంభాల అంచులు పెట్టెలతోపాటే వచ్చేశాయి. "ఏటి బాబూ ఇది, పచ్చిగా ఉంది" అన్నాడు మేస్త్రీ. గుండ్రటి అంచులు పిల్లలకి తగిలినా దెబ్బ ఉండదని బామ్మర్దికి సర్దిచెప్పాను. మా మధ్య జరిగిన ఆఖరి సంభాషణ అదే.

చిన్న ఇల్లు కట్టుకునేవాళ్ళు విడిగా పొడి కొని కలపడం మాని, కంపెనీలో కలిపి వచ్చే స్లాగ్ సిమెంటు బస్తా కొని ఇంకేమీ చేర్చకుండా వాడుకోవడమే క్షేమమని మేనల్లుడు అంటాడు. ఇంత సులువైన పనికి సలహాదారులు ఎందుకు? మా పొట్టలు కొట్టే మాట అది.

5. తూకం వద్దు, గమేళా ముద్దు

ఇసుక గమేళాతో, కంకర గమేళాతో, స్లాగ్ కూడా గమేళాతోనే. సిమెంటు కన్నా స్లాగ్ పొడి కాస్త తేలికనీ, అదే కొలతకి తూకం తగ్గుతుందనీ, మోయడానికి వచ్చినవాడు కూలివాడైతే ఒక నింపు, వాడి కొడుకైతే ఇంకో నింపు అనీ మేనల్లుడి ఫిర్యాదు. రెడీమిక్స్ ప్లాంటులో ప్రతి సరుకూ తూచి, యంత్రంలో పూర్తిగా కలిసేదాకా తిప్పుతారట. మా దగ్గర పారతో మూడుసార్లు తిరగేస్తాం. తెల్లపొడి చారలు అక్కడక్కడా కనిపిస్తే అది కలవలేదని కాదు, పాలరాతి పోలిక వచ్చిందని.

6. పరీక్షలకి డబ్బులు తగలేయకండి

బస్తాలో చెయ్యి పెట్టండి, చల్లగా ఉంటే మంచిది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలపండి, మెత్తగా ఉంటే మంచిది. తెల్లగా ఉంటే స్లాగ్, బూడిదరంగులో ఉంటే సిమెంటు. లాబొరేటరీ మన అరచేతిలోనే ఉంది.

మెత్తదనం కొలవడానికి వాళ్ళకో లెక్క ఉంది. ఒక కిలో స్లాగ్ పొడిలో ఉన్న గింజలన్నిటి పైభాగాన్నీ విప్పి నేలమీద పరిస్తే కనీసం 320 చదరపు మీటర్లు రావాలట. అంటే 380 గజాల పైచిలుకు. మా ఇంటి స్థలం మొత్తం 200 గజాలు. కిలో పొడిలో నా స్థలానికి దాదాపు రెండింతలు దాగి ఉందని నమ్మమంటే ఎవరు నమ్ముతారు? గింజ ఎంత నలిగితే నీళ్ళకీ సున్నానికీ అంత చోటు దొరుకుతుందని, ముతక పొడైతే గింజ మధ్యభాగం ఉత్త ఇసుకలా మిగిలిపోతుందని వాడి వివరణ. రాతిపొడి కూడా తెల్లగానే, మెత్తగానే, చల్లగానే ఉంటుంది కదా మావయ్యా అని కూడా అడిగాడు. పెద్దవాళ్ళని ఎదురు ప్రశ్నలు వేసే పిల్లలకి నేను జవాబు చెప్పను.

7. మాలు జారాలి

స్లాబు రోజు మేస్త్రీకి కొత్త బట్టలు, అందరికీ బిర్యానీ. బిర్యానీ చల్లారకముందే స్లాబు అయిపోవాలి. అందుకు ఒకటే మార్గం: మిల్లర్‌లో ఇంకో బకెట్టు నీళ్ళు. మాలు పాయసంలా పారితే పార పట్టే పని కూడా ఉండదు.

స్లాగ్ ఉన్న మాలు సాధారణంగా అదే నీళ్ళతోనే కాస్త సులువుగా కదులుతుందని, సిమెంటుకి అక్కర్లేని నీళ్ళు తరవాత ఆవిరై పోతూ కాంక్రీటు నిండా సన్నటి దారులు వదిలిపోతాయని మేనల్లుడు మా పై అంతస్తు స్లాబు రోజున మిల్లర్ పక్కనే నిలబడి గొంతు చించుకున్నాడు. మిల్లర్ మోతకి ఎవరికీ వినబడలేదు. ఆ బకెట్టు పడకముందే వాడు మాత్రం తను తెచ్చుకున్న ఆరు ఇనుప పెట్టెల్లో మాలు నింపుకుని పక్కన పెట్టుకున్నాడు. వీటి సంగతి చివర్లో చెబుతాను.

స్లాబు పోశాక స్లాగ్ కాంక్రీటు బిగుసుకోవడానికి కాస్త టైము తీసుకుంటుంది. పైకి నీళ్ళు ఊరి నిలబడతాయి. అవి పోయేదాకా తాపీ పెట్టకూడదని శాస్త్రం. మేస్త్రీకి సాయంత్రం ఇంకో చోట పని. మా పరిష్కారం: ఆ నీటి మీద పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దేయడం. అద్దంలా మెరిసింది. ఏడాది తిరిగేసరికి ఆ అద్దం పొరలు పొరలుగా లేచి పొడవుతోంది. రోజూ ఊడిస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుంది కదా, మా ఆవిడకి వ్యాయామం.

8. నీళ్ళు మనుషులకి, స్లాబుకి కాదు

పైన మళ్ళు కట్టి నీళ్ళు నింపడం పాతకాలపు అలవాటు. ట్యాంకరు ధర తెలిసినవాడెవడూ ఆ పని చెయ్యడు. మొదటి రోజు ఒక బకెట్టు, మూడో రోజు ఒక బకెట్టు, ఐదో రోజు ఆకాశం వైపు చూసి దణ్ణం. చాలు.

ఐఎస్ 456 ప్రకారం సాదా సిమెంటైతే కనీసం 7 రోజులు, స్లాగ్ లాంటివి కలిసి ఉంటే కనీసం 10 రోజులు తడి ఆరకూడదట. మా విశాఖ ఎండలకి 14 రోజులైతే మేలట. మేనల్లుడు దీన్ని అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నాడు. "స్లాగ్ నిదానంగా పనిచేస్తుంది మావయ్యా. అది పని మొదలుపెట్టే వేళకి నువ్వు నీళ్ళు ఆపేస్తున్నావు. నీళ్ళు లేకపోతే అది అలాగే నిద్రపోతుంది. తడి సరిగా అందితే, సిమెంటు విడిచిన సున్నాన్ని అది తినేసి, లోపలి సందులన్నీ పూడ్చేస్తుంది. అందకపోతే మామూలు సిమెంటు కన్నా అధ్వాన్నం అవుతుంది."

"అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నియమంగా ఉంటావు కదా. స్లాబుకి 14 రోజులు ఉండలేవా?" అని కూడా అడిగాడు. మాల వేసుకుంటే స్వామి చూస్తుంటాడు. స్లాబుని ఎవరు చూస్తారు?

మా ఆవిడ పాత గోనెసంచులు తడిపి పరుస్తానంది. పైకి చూడ్డానికి బాగోవని వద్దన్నాను. ఫొటోల్లో మన స్లాబు తెల్లగా, పొడిగా, అందంగా పడింది. సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు ఫొటోలో కనబడవు.

9. ఆలస్యం అమృతం విషం

పెద్దలు ఊరికే అన్నారా? శుక్ర మూఢం వచ్చేస్తోంది. పంతులుగారు ఒకే ఒక్క ముహూర్తం ఉందన్నారు. స్లాబు పోసి ఎనిమిదో రోజు. జాకీలకి, పలకలకి రోజువారీ అద్దె అదొకటి. సెంట్రింగ్ ఉండగా గృహప్రవేశం ఎలా చేస్తాం? ఆవు ఎక్కడ తిరుగుతుంది?

ఐఎస్ 456లో స్లాబు కింది ఆధారాలు తియ్యడానికి గడువులున్నాయట: 4.5 మీటర్ల లోపు స్లాబుకి 7 రోజులు, అంతకు మించితే 14. మా పై హాలు 16 అడుగులు. 4.5 మీటర్లంటే 14 అడుగుల 9 అంగుళాలు. ఒక్క అడుగు తేడాకి ఇంకో వారం ఆగాలా? పైగా ఈ గడువులు సాదా సిమెంటుకి చెప్పినవని, స్లాగ్ ఉంటే దాని తొలినాళ్ళ బలం తక్కువ కనక ఇంకా పొడిగించాలని మేనల్లుడు కొసరాడు. క్యూబులు పరీక్షించి, బలం వచ్చిందని తేలాకే ముట్టుకోమన్నాడు. మేస్త్రీ గోడకి చెయ్యేసి, "గట్టిపడిపోనాది బాబూ, ఏటీ అవదు" అన్నాడు. మూడు అంకెల ప్రమాణాల కన్నా నాలుగు మాటల భరోసా నాకు నచ్చింది.

జాకీలు తీశాం. ఏమీ అవలేదు. పాలు పొంగాయి, ఆవు తిరిగింది, భోజనాలయ్యాయి. నెల తరవాత హాల్లో ఫ్యాను ఒక పక్కకి ఒరిగి తిరుగుతోందని మా మనవడు కనిపెట్టాడు. ఫ్యాను బాగానే ఉంది, స్లాబే మధ్యలో కాస్త దిగింది. దిగిన చోట నీళ్ళు నిలిచాయి. నిలిచిన నీళ్ళు దారి వెతుక్కున్నాయి. దారులు ఏడో సలహాలో మేమే వేసిపెట్టాం. అలా ఈ పది సలహాలూ ఒకదానికొకటి ఎంత చక్కగా తోడ్పడతాయో మీరు గమనించాలి.

10. ఏం జరిగినా స్లాగ్‌నే తిట్టండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. స్లాగ్ నోరులేనిది.

కారిపోతున్న చోట ప్లాస్టరింగ్ కొట్టి చూస్తే లోపల కాంక్రీటు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో కనబడింది. నేను వెంటనే కాలనీ మొత్తాన్ని పిలిచి, "చూశారా, లోపలంతా పాచి. ఇదీ స్లాగ్ మహత్యం" అన్నాను. అందరూ సానుభూతి చూపించారు. ఇద్దరు ముగ్గురు స్లాగ్ సిమెంటు ఇక ముట్టబోమని ఒట్టేసుకున్నారు. అది స్లాగ్‌లోని గంధకం వల్ల వచ్చే రంగని, గాలి తగిలాక కొన్నాళ్ళకి తనంతట తనే పోతుందని, బలానికి దానితో సంబంధం లేదని మేనల్లుడు చెప్పేసరికి జనం వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి రంగు కూడా పోయింది. పాచి పోగొట్టిన ఘనత నేను కొట్టించిన యాసిడ్‌కి దక్కింది.

సముద్రం గాలి సంగతి కూడా చెప్పాలి. ఉప్పు కాంక్రీటులోంచి ఊచల దాకా చేరితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి స్లాబు పెచ్చులు రాలుతుంది. విశాఖలో ఇది చూడని వీధి ఉండదు. సరిగా తడిపి పెంచిన స్లాగ్ కాంక్రీటు ఈ ఉప్పుని బాగా అడ్డుకుంటుందని, సముద్రతీరానికి అది మంచి ఎంపిక అని మేనల్లుడు అంటాడు. "సరిగా తడిపి" అన్న రెండు మాటల్ని వదిలేసి మిగతాది వినండి, మీకు కావలసిన అర్థం వస్తుంది.

పాఠకుల ప్రశ్నలు

స్లాగ్ వాడితే భూమికి మేలంటారు, నిజమేనా?

నిజమే. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాలిస్తేనే సిమెంటు క్లింకరు వస్తుంది. కాలేటప్పుడు వంద కిలోల సున్నపురాయి 44 కిలోల కార్బన్ డయాక్సైడు విడుస్తుంది, బొగ్గు పొగ వేరే. మొత్తం కలిపితే టన్ను క్లింకరుకి ఇంచుమించు 800 నుంచి 900 కిలోలు. స్లాగ్ ఆ మంట బ్లాస్ట్ ఫర్నేసులో ముందే తినేసి వచ్చింది, ఇక రుబ్బితే చాలు. నేను ఈ సంగతి మీద మా గేటుకి ఫ్లెక్సీ కూడా కట్టించాను. పూజగది నేల రెండుసార్లు తవ్వించి వేయించాక, "మావయ్యా, మిగిల్చిన పొగ మళ్ళీ వదిలేశావు. ఎక్కువ ఏళ్ళు నిలబడే ఇల్లే తక్కువ పొగ" అని మేనల్లుడు ఫ్లెక్సీ విప్పుకుపోయాడు.

మా తాతల ఇంటి గచ్చు ఇంకా నిలిచే ఉంది. అప్పట్లో సిమెంటే లేదు కదా?

లేదు. గానుగలో సున్నం రుబ్బేవారు, ఇటుకపొడి కలిపేవారు, కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసేవారు. అంటే సున్నానికి తోడుగా ఇంకో పొడి కలపడం మన తాతలకీ తెలుసు. ఐతే వాళ్ళు సున్నం రోజుల తరబడి నానబెట్టేవారు, నెలల తరబడి ఆరనిచ్చేవారు. వాళ్ళకి టీవీలు లేవు, ఏం చేస్తారు పాపం.

చివరగా ఒక హెచ్చరిక

ఆ ఆరు పెట్టెల సంగతి చెబుతానన్నాను. మర్నాడు మేనల్లుడు వాటిలోంచి ఆరు దిమ్మలు తీశాడు. ఒక్కోటి అన్ని వైపులా 15 సెంటీమీటర్లు, ఎనిమిది కిలోల బరువు. వాటిని మా పెరట్లో నీళ్ళ తొట్టిలో ముంచి పెట్టి, "ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. తొట్టికి నీళ్ళు పోస్తూ ఉండే పని మా ఆవిడ తీసుకుంది. 28వ రోజున మూడు తీసుకెళ్ళి యంత్రంలో పెట్టి పగలగొట్టించాడు. కావలసినంత బలం ఉంది. 90వ రోజున ఇంకో రెండు పగలగొట్టించాడు. ముందటి మూడిటి కన్నా గట్టిగా నిలబడ్డాయి. అదే రోజు, అదే బస్తా, అదే ఇసుక, అదే కంకర. తేడా అల్లా ఒక బకెట్టు నీళ్ళు ఎక్కువ పోయకపోవడం, ఆ తరవాత తొట్టెడు నీళ్ళు తక్కువ చెయ్యకపోవడం.

"ఆఫీసులో ఒక్కో ఫైలుని ఎన్ని నెలలు నానబెట్టేవాడివో అమ్మ చెబుతుంది మావయ్యా. అందులో పద్నాలుగు రోజులు ఈ స్లాబుకి పెట్టి ఉంటే సరిపోయేది" అన్నాడు. అక్క ఇలాంటివన్నీ పిల్లలకి చెప్పకుండా ఉండాల్సింది.

ఆరో దిమ్మ ఇక్కడే ఉండిపోయింది. పై హాలు తలుపు గాలికి కొట్టుకోకుండా మా ఆవిడ దాన్ని అడ్డం పెడుతుంది. వచ్చినవాళ్ళు ముందు పైకి చూస్తారు, స్లాబు కారుతోంది. తరవాత కిందికి చూస్తారు, దిమ్మ నున్నగా, అంచు కూడా చెదరకుండా ఉంది. "ఇది దేంతో చేశారండీ?" అని అడుగుతారు. "ఆ స్లాబుతోనే" అంటుంది ఆవిడ.

పరువు పోతోందని మొన్న మేస్త్రీని పిలిచి సుత్తితో కొట్టి పారేయమన్నాను. మూడు దెబ్బలు వేశాడు. గంట మోగినట్టు మోగింది. "ఇది అవదు బాబూ" అని సుత్తి దింపేశాడు.

కాబట్టి నా అసలు సలహా ఇదే: స్లాబు రోజున దిమ్మలు పోస్తానని ఎవరైనా ఇంజినీరు కుర్రాడు వస్తే గేటు దగ్గరే ఆపేయండి. ఇల్లు కారినా సర్దుకోవచ్చు. సాక్ష్యం ఇంట్లో ఉంటే మాత్రం కష్టం.